గ్రహణం నాటి ఉప్మాతో ఈ వాదన తేలదు

హేతువాద, నాస్తిక సంఘాల మిత్రులకు,

నమస్కారం. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. చదువుకునే రోజుల నుంచీ మీ సభల్లో వెనక వరసలో కూర్చుంటున్నాను, చందా కడుతున్నాను. దేవుణ్ణి నమ్మను. కాబట్టి దీన్ని అవతలి పక్షం దాడిగా తీసుకోకండి, ఇంట్లోవాడి గొడవ అనుకోండి.

గొడవేమిటంటే, సైన్స్ పేరు చెప్పి మనం చేస్తున్న వాదనలు సైన్స్ కంటే బాగా వెనకబడ్డాయి. అవతలివాళ్ళు మాత్రం ముందుకొచ్చేశారు. ఒకప్పుడు ప్రవచనం చెప్పేవాళ్ళు "మీ సైన్స్‌కి ఏం తెలుసు" అని కొట్టిపారేసేవారు. ఇప్పుడు వాళ్ళ నోట బిగ్ బ్యాంగ్, డీఎన్ఏ, క్వాంటం, మల్టీవర్స్ అన్నీ దొర్లుతున్నాయి. అందులో ముప్పాతిక తప్పే కావచ్చు. కానీ వినే కుర్రాళ్ళకి అది కొత్తగా ఉంది, మనది పాతగా ఉంది. ఈ మధ్య మన సభ ఒకదానిలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి లేచింది. "గురుత్వాకర్షణ బలం లాంటి, విశ్వంలోని స్థిరాంకాలు కాస్త అటూ ఇటూ అయితే నక్షత్రాలే పుట్టేవి కావంటారు కదా, దానికి మీ జవాబేంటి సార్?" అని అడిగింది. వేదిక మీది పెద్దాయన గాల్లోంచి విభూతి ఎలా తీస్తారో చేసి చూపించారు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ అమ్మాయి బ్యాగ్ తగిలించుకుని వెళ్ళిపోయింది.

మన చేతిలోని అతి పాత ఆయుధం గ్రహణం. ఆ రోజు చౌరస్తాలో స్టవ్ పెట్టి ఉప్మా వండి అందరి ముందూ తింటాం. ఒకప్పుడు దానికి చాలా విలువుండేది. నాస్తికోద్యమ నేత గోరా గారి భార్య సరస్వతీ గోరా గర్భిణిగా ఉండి బయటికొచ్చి గ్రహణం చూసిన కాలంలో అది మామూలు తెగువ కాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగా వెళ్ళినప్పుడు, ఉస్మానియా వారి రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు పరికరాలు సర్దుకుంటుంటే బయట వీధులు కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ అయ్యాయి. భయం పోగొట్టడానికి ఉప్మా అప్పుడూ పనికొచ్చేది, ఇప్పుడూ పనికొస్తుంది. దాన్నే మతం మీద సైన్స్ విజయంగా మైకులో ప్రకటించినప్పుడు తంటా మొదలవుతుంది.

గ్రహణం నీడ వల్ల వస్తుందని ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే రాశాడు. 628లో బ్రహ్మగుప్తుడు, గ్రహణాన్ని అంత నిక్కచ్చిగా లెక్కకట్టగల మనిషి, రాహువు లేడనడం శాస్త్రాలకు విరుద్ధమని ఆర్యభటుణ్ణే తప్పుపట్టాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత అల్ బెరూనీ అది చదివి, ఇంత తెలిసినవాడు ఇలా ఎందుకు రాశాడని విస్తుపోయాడు. నీడ సంగతి తెలిసి పదిహేను వందల ఏళ్ళయినా రాహువు ఎక్కడికీ పోలేదు. ఇవాళ తిరుమలలో గ్రహణానికి తలుపులు మూసేది నిమిషాలతో సహా ముందే ప్రకటించిన వేళకి. శ్రీకాళహస్తిలో అయితే మూయనే మూయరు, ప్రత్యేకంగా అభిషేకాలు చేస్తారు. గ్రహణం ఎలా వస్తుందో తెలియకపోవడం వల్ల జరుగుతున్న పూజలు కావివి. మరి "అది నీడేనండీ" అని మనం అరుస్తున్నది ఎవరి కోసం?

గ్రహణం పేరుతో నిజంగా చెప్పాల్సిన కథ వేరే ఉంది. అది మన గుంటూరులో జరిగింది, మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి పియరీ జాన్సెన్ గుంటూరు వచ్చి, వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్ బిగించాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్ళాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పాక అంచున ఎర్రటి జ్వాలలు కనిపిస్తాయి. వాటి వెలుగును విడదీస్తే వేర్వేరుగా మెరిసే గీతలు వచ్చాయి. అంటే అవి మండే వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండా కూడా వీటిని చూడొచ్చని జాన్సెన్‌కు అక్కడే తట్టింది. మర్నాడు గుంటూరు ఎండలోనే చూసేశాడు. గ్రహణం రోజు చూసినవాళ్ళలో కొందరికి పసుపు పచ్చ గీత ఒకటి కనిపించింది, సోడియం కాబోలనుకున్నారు. అక్టోబరులో ఇంగ్లండు నుంచి లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త దాన్నే చూశాడు. అది సోడియం గీత ఉండాల్సిన చోట లేదు. భూమ్మీద ఎవరూ ఎరగని కొత్త మూలకం అని తేల్చి హీలియం అన్నారు. 1895లో విలియం రామ్జే దాన్ని భూమ్మీది ఖనిజంలోంచి పట్టుకున్నాడు.

ఇందులో మతానికి తగిలిన దెబ్బ ఎక్కడుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆకాశం వేరే పదార్థం, భూమి వేరే పదార్థం, అక్కడివి చెడనివి, ఇక్కడివి చెడేవి అన్న ఊహ అరిస్టాటిల్ కాలం నుంచీ చాలా సంస్కృతుల్లో ఉంది. స్వర్గం పైనుండటానికి ఆధారం ఆ ఊహే. సూర్యుడిలో ఉన్నది మన నీళ్ళలో ఉన్న హైడ్రోజనేనని తేలాక పైలోకానికి ప్రత్యేకమైన సరుకంటూ మిగల్లేదు. మేఘనాద్ సాహా 1920లో రాసిన సమీకరణంతో నక్షత్రాల గీతల్ని సరిగ్గా చదవడం వచ్చింది. దాన్ని వాడి 1925లో సిసిలియా పేన్ అనే పాతికేళ్ళ అమ్మాయి నక్షత్రాలు ఎక్కువగా హైడ్రోజన్, హీలియమేనని చెబితే పెద్దవాళ్ళు ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకోక తప్పలేదు. రాహువు కథను కాదనడం కంటే ఇది ఎన్నో రెట్లు పెద్ద సంగతి. నీడ లెక్క ఒక సంఘటనకు మాత్రమే కారణం చెబుతుంది. గుంటూరులో కనిపించిన గీతలు మొత్తం ఆకాశాన్నే ప్రకృతిలో కలిపేశాయి.

అయితే అదే కథలో మన పక్షం కూడా ఒక దెబ్బ తింది. దేవుడి కాలం అయిపోయింది, ఇక మిగిలింది సైన్స్ ఒక్కటేనని పుస్తకాల మీద పుస్తకాలు రాసిన ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కోంత్, నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనిషికి ఎన్నటికీ తెలియదని 1835లో ప్రకటించాడు. పాతికేళ్ళు తిరిగేసరికి కిర్కాఫ్, బున్సెన్ జర్మనీలో సూర్యుడి గీతలు చదవడం మొదలుపెట్టారు.

వనపర్తి వెళ్ళిన రఘునాథాచారి సంగతి మరో రకం. ఆయన ఆకాశాన్ని కళ్ళతో చూసి, ఆ లెక్కతో దృగ్గణిత పంచాంగం వేశాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతుంటే మామూలు జనానికి అర్థమయ్యేలా పుస్తకం రాశాడు. పంచాంగాన్ని వదల్లేదు, అందులోని పాత లెక్కను వదిలాడు. ఆయన్ని ఏ గూట్లో పెట్టాలో మనకి తెలియదు కాబట్టి మన సభల్లో ఆయన పేరే రాదు.

సైన్స్ దేవుణ్ణి ఎలా వెనక్కి నెట్టిందో చెప్పేటప్పుడు మనవాళ్ళు చెప్పే వరస సరైనదే. గ్రహాల కక్ష్యలు మెల్లగా చెదిరిపోతాయి, అప్పుడప్పుడూ సృష్టికర్త సర్దాల్సిందేనని న్యూటన్ అనుకున్నాడు. గురు, శని గ్రహాల నడకల్లో తేడాలు వాటి పరస్పర ఆకర్షణ వల్లేనని, కాలక్రమంలో అవే సర్దుకుంటాయని లాప్లాస్ లెక్క తీశాడు. కంటి లాంటి అవయవం రూపకర్త లేకుండా రాదని 1802లో పేలీ అనే ఇంగ్లండు మతాచార్యుడు అన్నాడు. 1859లో డార్విన్ ఆ వాదాన్ని తలకిందులు చేశాడు. తెలియని చోటల్లా దేవుణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టడం, తెలిశాక ఆ కుర్చీ లాగేయాల్సి రావడం.

ఇది భక్తుల్లో ఆలోచనాపరులు మనకంటే ముందే గమనించారు. 1894లోనే హెన్రీ డ్రమ్మండ్ అనే స్కాట్లండ్ మతబోధకుడు, సైన్స్‌లో ఖాళీలు వెతికి వాటిలో దేవుణ్ణి నింపొద్దని తనవాళ్ళనే మందలించాడు. నాజీల జైల్లో ఉన్న పాస్టర్ బోన్‌హోఫర్ 1944లో ఉత్తరాల్లో అదే మాట రాశాడు. తెలిసినదాంట్లో దేవుణ్ణి వెతకాలి గాని తెలియనిదాంట్లో కాదన్నాడు. ఈ రకం విశ్వాసికి మన లాప్లాస్, డార్విన్ కథలు తగలవు. వాళ్ళు ఆ కుర్చీల్లోంచి ఎప్పుడో లేచిపోయారు.

లేవని వాళ్ళూ ఉన్నారనుకోండి. బాక్టీరియా తోకలోని చిన్న మోటారు చూపించి "ఇది దానంతటదే ఎలా వస్తుంది?" అనే వీడియోలు తెలుగులో తెగ తిరుగుతున్నాయి. ఆ సరుకు అమెరికాది. ఈ వాదాన్ని బడిలో చెప్పొచ్చా అన్న గొడవ మీద 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ స్కూలు కేసులో నిపుణులందరినీ విచారించి, ఇది సైన్స్ కాదు, మతమేనని జడ్జి తీర్పిచ్చాడు. ఆయన్ని నియమించింది బుష్ ప్రభుత్వమే. అక్కడ ఓడిన వాదన ఇక్కడికి కొత్త ప్యాకింగ్‌లో వచ్చింది. తీర్పు తెలుగులో ఒక్క కరపత్రంగా వేసినా సరిపోయేది, ఎవరైనా వేశామా?

మన దేశపు సరుకు ఇంకోటుంది. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో సాక్షాత్తూ ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్, కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలనీ, డార్విన్ కంటే దశావతారాలే మెరుగనీ అన్నారు. మనం వారం రోజులు జోకులు వేసుకున్నాం. జోకు బాగుంటుంది, జవాబు అవదు. జవాబంటే ఇలా ఉండాలి. చేపలు నేల మీదికి వచ్చిన కాలం ఎప్పుడో పరిణామ సిద్ధాంతం చెబుతుంది. ఆ కాలపు రాళ్ళు, అవీ నీటి ఒడ్డున ఏర్పడినవి, ఎక్కడ బయటపడి ఉన్నాయో భూగర్భ పటాలు చెబుతాయి. నీల్ షూబిన్ బృందం ఆ లెక్కన కెనడా ఉత్తరాన మంచు ప్రాంతంలోని ఎల్స్‌మియర్ దీవికి వెళ్ళి, చాలా ఏళ్ళు ఉత్త చేతుల్తో తిరిగొచ్చి, చివరికి 2004లో 37.5 కోట్ల ఏళ్ళ నాటి టిక్టాలిక్ అనే జీవి శిలాజాన్ని తవ్వితీసింది. చేపకుండే పొలుసులు, మెడ తిప్పగల తల, రెక్కలోపల మోచేయి లాంటి ఎముకలు. మత్స్యం తర్వాత కూర్మం అన్న వరస చూసి ఎక్కడ తవ్వాలో ఎవరైనా చెప్పగలరా? ఈ ప్రశ్న అడగండి. మర్యాదగా అడగండి.

ఇంకో చిక్కు. మన వాదనల్లో చాలా భాగం బయటి నుంచి తెచ్చుకున్నవి, ఆరు రోజుల్లో లోకాన్ని చేసిన సృష్టికర్త మీదికి గురిపెట్టినవి. ఇక్కడ సాంఖ్యులు సృష్టికర్త అక్కర్లేకుండానే లోకాన్ని వివరించారు. వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకులు, అందులో కుమారిలభట్టు, సృష్టికర్త ఉన్నాడన్న వాదనను ఉతికి ఆరేశారు. వేదాన్ని ఒప్పుకుంటారు కాబట్టి మన దర్శనాల లెక్కలో వాళ్ళంతా ఆస్తికులే! జైనులు, బౌద్ధుల సంగతి సరేసరి. నిప్పుకు వేడి, నీటికి చల్లదనం ఎవరూ ఇవ్వలేదు, వాటి స్వభావమే అంత అన్న చార్వాకుల అసలు పోరు కర్మఫలం మీద, పరలోకం మీద. ఇవాళ మన వీధిలో మనిషి నమ్మేది కూడా అవే. కర్మ, పోయిన జన్మ, జాతకం, మొక్కు. బిగ్ బ్యాంగ్‌కు ముందు ఏముందో ఆయనకు టెన్షన్ లేదు. కూతురి పెళ్ళికి కుజదోషం ఉందేమోనని టెన్షన్.

కుజదోషం ఉన్న జాతకం పరీక్షకు దొరుకుతుంది, అదే మన అదృష్టం. 2001లో యూజీసీ యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సులు పెట్టబోతే, హైదరాబాద్ సీసీఎంబీ వ్యవస్థాపకులు పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు ఆయన కేసు కొట్టేసింది. ఏ కోర్సు పెట్టాలో మేం చెప్పలేమంది. భార్గవ గారంటే నాకు చాలా గౌరవం, కానీ ఇది కోర్టులో తేలే విషయం కాదేమో. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ వేరే దారి పట్టారు. చదువులో బాగా ముందున్న పిల్లలవి వంద జాతకాలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి వంద జాతకాలు సేకరించారు. సేకరించింది మూఢనమ్మకాల మీద పోరాడిన దాభోల్కర్ సంస్థ కార్యకర్తలు. తర్వాత 2013లో పుణెలో కాల్చి చంపారే, ఆ నరేంద్ర దాభోల్కర్. ఒక్కో జ్యోతిష్కుడికి 40 జాతకాలిచ్చి ఏది ఏ గుంపుదో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది సగటున 46 శాతం సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తాయి. ఎవర్నీ వెక్కిరించలేదు, ఎవరి దేవుణ్ణీ తిట్టలేదు. ఇలాంటి పరీక్ష తెలుగు జాతకాలతో మన సంఘాలు ఎందుకు చేయకూడదు? డబ్బు కంటే ఓపిక ఎక్కువ కావాలి, అంతే.

నార్లికర్ పేరెత్తితే ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఆయన గురువు ఫ్రెడ్ హోయ్‌ల్ నాస్తికుడు. విశ్వానికి మొదలు ఉందంటే అది దొడ్డిదారిన దేవుణ్ణి తేవడమేనని ఆయనకు చిరాకు. 1948లో విశ్వం ఎప్పుడూ ఇలాగే ఉందన్న స్థిరస్థితి సిద్ధాంతం తెచ్చినవాళ్ళలో ఆయన ఒకరు. మర్నాటి ఏడు బీబీసీ రేడియోలో అవతలి సిద్ధాంతాన్ని "బిగ్ బ్యాంగ్" అన్నదీ ఆయనే. ఆ అవతలి సిద్ధాంతానికి మూలపురుషుడు జార్జ్ లెమెత్ర్ బెల్జియం కాథలిక్ ఫాదర్. 1951లో పోప్ పన్నెండో పయస్ ఇదిగో సైన్స్ కూడా సృష్టికి సాక్ష్యం పలికిందని సంబరపడితే, అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది లెమెత్రే. తన సిద్ధాంతానికీ మతానికీ ముడిపెట్టొద్దన్నాడు. 1965లో విశ్వం నలుమూలల నుంచీ వచ్చే, ఆ తొలి వేడికి ఆనవాలైన మైక్రోవేవ్ వెలుగును పెంజియాస్, విల్సన్ ప్రకటించాక చాలామంది శాస్త్రవేత్తలు బిగ్ బ్యాంగ్ వైపుకి మారారు. హోయ్‌ల్ చివరిదాకా మారలేదు. నార్లికర్ కూడా సవరించిన స్థిరస్థితి సిద్ధాంతాన్నే పట్టుకున్నారు.

ఆయన్ని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. జాతకాల్ని అంత నిష్పక్షపాతంగా పరీక్షించిన మనిషి కూడా విశ్వం దగ్గరికొచ్చేసరికి మెజారిటీకి ఎదురు నిలిచారంటే, సైన్స్‌లో పక్షాలు మన సభల్లో పక్షాల్లా విడిపోవని తెలుస్తుంది. పోప్, హోయ్‌ల్ ఇద్దరిదీ ఒకటే లెక్క, మొదలుంటే దేవుడున్నట్టేనని. ఆ లెక్కే తప్పు. ఫాదర్ లెమెత్ర్ ఒక్కడే దాన్ని సరిగ్గా చూశాడని ఒక నాస్తికుడిగా ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది.

ఇంతకంటే కష్టమైనది ఒకటుంది. మనలో చాలామందిమి ఎర్రజెండా పట్టుకునే నాస్తికత్వంలోకి వచ్చాం. గెలీలియోను చర్చి ఏం చేసిందో ఊరూరా చెబుతాం. జన్యువుల్ని కాదన్న స్టాలిన్ కాలపు వ్యవసాయవేత్త లైసెంకో పేరు ఎత్తం. సోవియట్ యూనియన్‌లో భౌతికవాదమే ప్రభుత్వ సిద్ధాంతం. అక్కడ జన్యుశాస్త్రం బూర్జువా శాస్త్రమని ముద్రపడింది. ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు సేకరించిన నికొలాయ్ వావిలోవ్ 1943లో సరాతోవ్ జైల్లో చచ్చిపోయాడు. 1948 ఆగస్టులో స్టాలిన్ ఆమోదంతో లైసెంకో మాటే శాసనమైంది. జన్యుశాస్త్రం మళ్ళీ తలెత్తడానికి 1960లు సగం గడవాల్సి వచ్చింది. ఇందులో పూజారి లేడు, పాస్టర్ లేడు, ముల్లా లేడు. పరీక్షకు ముందే జవాబు తెలుసనుకునే జబ్బు మతానికే పరిమితం కాదని చెప్పే పాఠం ఇది. మనం చెప్పకపోతే అవతలివాళ్ళు చెబుతారు, చెబుతున్నారు కూడా.

ఆ రోజుల్లో ఇంగ్లండులో జె.బి.ఎస్. హాల్డేన్ ఉన్నాడు. జన్యుశాస్త్రంలో దిగ్గజం, కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. లైసెంకోను సూటిగా ఖండించలేక నసిగాడు. ఆ తర్వాత పార్టీకి దూరమయ్యాడు. 1957లో కలకత్తా వచ్చి, అక్కణ్ణుంచి భువనేశ్వర్ చేరి, 1964 డిసెంబరు 1న అక్కడే పోయాడు. పోయాక ఆయన శరీరం వచ్చింది మన కాకినాడకే. తన దేహాన్ని రంగరాయ మెడికల్ కాలేజీ విద్యార్థుల చదువుకి ఇవ్వాలని వీలునామాలో రాశాడు. నాస్తికుడైనందుకు గోరా కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న ఊళ్ళో, ఒక నాస్తికుడి దేహం మీద పిల్లలు వైద్యం నేర్చుకున్నారు. మన ఏ ఉపన్యాసంలోనైనా ఈ మాట విన్నారా?

పరిణామ సిద్ధాంతం తప్పని ఏది తేలిస్తే ఒప్పుకుంటారని అడిగితే, "కేంబ్రియన్‌కు ముందటి రాళ్ళలో కుందేలు శిలాజం" అని హాల్డేన్ అన్నాడంటారు. అంటే జంతువులే సరిగ్గా లేని కాలపు రాళ్ళలో కుందేలు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ జవాబులో ఉంది. సైన్స్ ఈ వాదనకు చేసిన అసలు మేలు దేవుడు లేడని నిరూపించడం కాదు, ఆ పని అది చేయనూ లేదు, దాని పద్ధతితో చేయడం కుదరదు కూడా. ప్రకృతిలో జరిగేదానికి కారణం ప్రకృతిలోనే వెతకాలన్న ఒక అలవాటును అది గెలిపించింది, భక్తుల చేత కూడా ఒప్పించింది. శ్రీహరికోటలో రాకెట్ ఎగరబోయే ముందు ఇస్రో పెద్దలు సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికి, తిరుమలకి వెళితే మనం ఎగతాళి చేస్తాం. 2017 ఆగస్టు 31న పీఎస్ఎల్వీ-సీ39 ప్రయోగం విఫలమైంది. ఉపగ్రహాన్ని కప్పిన ఉష్ణకవచం విడిపోలేదు. కారణం వెతికినవాళ్ళు ఆ కవచం విడిపోయే ఏర్పాటునే వెతికారు గాని, ముహూర్తాన్ని వెతకలేదు. గుడికి వెళ్ళినవాళ్ళే ఇంజనీరింగ్ గదిలో ప్రకృతివాదులు. మన విజయం అక్కడుంది. గుడి మెట్ల దగ్గర దాన్ని వెతుక్కుని మనమే చిన్నబుచ్చుకుంటున్నాం.

మనకు తెలియనివి తెలియవని చెప్పడం కూడా నేర్చుకోవాలి. 1953లో మిల్లర్ ప్రయోగంలో పుట్టినవి అమైనో ఆమ్లాలు. "ల్యాబ్‌లో ప్రాణం పుట్టించారు" అని మన కరపత్రాల్లో ఇప్పటికీ వస్తోంది. అది అబద్ధం. జీవం ఎలా మొదలైందో ఇంకా తేలలేదు. మెదడులోంచి ఎరుక ఎలా వస్తుందో కూడా తేలలేదు. దీని మీద 1998లో మెదడు శాస్త్రవేత్త క్రిస్టఫ్ కోఖ్, తత్వవేత్త డేవిడ్ చామర్స్ పందెం కాశారు, పాతికేళ్ళలో తేలుస్తామని కోఖ్. 2023లో న్యూయార్క్‌లో అందరి ముందూ ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చుకున్నాడు. అలాగని అది ఆత్మకు రుజువా? కాదు. అయినా ఆ ఒప్పుకోలు చూసిన కుర్రాడికి సైన్స్ మీద నమ్మకం పెరుగుతుంది, తగ్గదు.

ఇక ఆ ఇంజనీరింగ్ అమ్మాయి ప్రశ్న. అది మంచి ప్రశ్న, దానికి ఇవ్వదగ్గ జవాబు కూడా ఉంది. 1987లో స్టీవెన్ వైన్‌బర్గ్ అనే నాస్తిక భౌతిక శాస్త్రవేత్త, అలాంటి స్థిరాంకాల్లో ఒకటైన శూన్యంలోని శక్తి ఒక హద్దు దాటితే గెలాక్సీలు ఏర్పడవు, మనం ఉండం, కాబట్టి అది సున్నా కానక్కర్లేదు గానీ ఆ హద్దు లోపలే ఉండాలని వాదించాడు. 1998లో విశ్వం వేగం పుంజుకుంటూ వ్యాకోచిస్తోందని తేలినప్పుడు, దాని నుంచి ఆ శక్తికి తీసిన విలువ ఆయన గీసిన హద్దులోపలే పడింది. అనేక విశ్వాలుంటే, వాటిలో బతకడానికి వీలున్న దాంట్లోనే మనం ఉంటాం అన్నది ఒక దారి. ఆ అనేక విశ్వాల్ని ఎవరూ చూడలేదన్నది కూడా అంతే నిజం. మనకు తెలిసింది ఒకే విశ్వం, ఒకే ఉదాహరణతో "ఎంత అరుదు" అని లెక్క కట్టడమే కుదరదన్నది ఇంకో దారి. స్థిరాంకాల్ని ఎవరో సర్దారనే అనుకున్నా, ఆ సర్దినవాడు మన మొక్కులు వింటాడని ఎక్కడా తేలదు. ఇది చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. విభూతి ట్రిక్కుకీ అంతే పట్టింది.

నా కోరిక ఒకటే. వచ్చే రాష్ట్ర సభలో ఒక పూట దీనికి కేటాయించండి. అవతలి పక్షం నుంచి కూడా ఒకరిద్దర్ని పిలవండి, పురోహితుడైనా, పాస్టరైనా, మౌల్వీ అయినా. వాదన మొదలుపెట్టే ముందే ఇరువైపులా ఒక్కో కాగితం రాయాలి. ఏది తేలితే నా మాట మార్చుకుంటాను, ఏది తేలినా మార్చుకోను. రాసింది చదివాకే మైకు. వాళ్ళు రాయనంటే అది వాళ్ళిష్టం, మనం మాత్రం రాయాలి.

నాది ఇక్కడే రాస్తున్నాను. 2006లో అమెరికాలో 1,802 మంది బైపాస్ రోగుల మీద ప్రార్థన ప్రభావాన్ని పరీక్షించారు. తమ కోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియనివాళ్ళలో, ప్రార్థన అందిన గుంపులో 52 శాతం మందికి, అందని గుంపులో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులొచ్చాయి. ప్రార్థిస్తున్నారని కచ్చితంగా తెలిసినవాళ్ళలో 59 శాతం మందికి వచ్చాయి. ఇలాంటి పరీక్షే వేర్వేరు దేశాల ఆసుపత్రుల్లో, ఒకరితో ఒకరికి సంబంధం లేని డాక్టర్లు చేసి, ప్రార్థన అందిన గుంపు ప్రతిసారీ స్పష్టంగా మెరుగ్గా ఉందని తేలితే నేను నాస్తికుణ్ణని చెప్పుకోవడం మానేస్తాను. చనిపోయిన మనిషి సీలు వేసి దాచిన మాటను, దాన్ని ఎరగని పిల్లవాడు పూర్వజన్మ గుర్తని చెప్పి, అది మోసానికి వీల్లేని పరీక్షల్లో పదే పదే నిలిస్తే పునర్జన్మ మీద నా మాట వెనక్కి తీసుకుంటాను. జీవం ఎలా మొదలైందో ఇంకో వందేళ్ళు తేలకపోయినా మాత్రం మారను. రేపే తేలినా, దాన్ని దేవుడి మీద గెలుపుగా మీ సభలో చెప్పను.

ఈ కాగితంలో తప్పులుంటే సభలోనే పట్టండి.

ఇట్లు,
మీ సభ్యుడొకడు
విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్